సీల్ పిల్లకు ఊపిరితిత్తుల పురుగులు: ముందు ఊపిరి, తర్వాతే పురుగు మందు

నవంబరులో నెదర్లాండ్స్ తీరంలో దొరికిన హార్బర్ సీల్ పిల్ల నెత్తురు జీరలతో కఫం కక్కుతోందనీ, మల పరీక్షలో లార్వాలు (పురుగు పిల్లలు) కనబడలేదనీ, అయినా వెంటనే ఒంట్లో పురుగుల్ని చంపే మందు వేయించాలా అనీ అడిగారు. వేయించాలి. కానీ మొదటి పని అది కాదు.

నెదర్లాండ్స్ తీరాన్ని ఆనుకుని ఉన్న వాడెన్ సముద్రంలో ఈ పిల్లలు జూన్, జూలైలలో పుడతాయి. మూడు నాలుగు వారాలకే పాలు మాని చేపలకు దిగుతాయి, లార్వాలు ఒంట్లోకి చేరేది ఆ చేపల నుంచే. అందుకే జబ్బు చలి మొదలయ్యాక బయటపడుతుంది. ఓటోస్ట్రాంజిలస్ అనే పెద్ద పురుగు శ్వాసనాళాల్లో ఉండలు కడుతుంది. పారాఫిలరాయిడిస్ వెంట్రుకలా సన్నగా ఉండి గాలిగదుల దాకా పోతుంది.

ప్రమాదమంతా ఇక్కడే. మందు పడగానే పురుగులన్నీ ఒక్కసారిగా చచ్చి, ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతాయి. వాటి చుట్టూ వాపు పెరుగుతుంది, అసలే ఇరుకైన దారి మూసుకుపోతుంది. మందు వేసిన మర్నాడు పిల్ల పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. అందుకే ముందు వాపు తగ్గించే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, కఫం పలచబరిచే మందు మొదలుపెట్టి, ఊపిరి కాస్త కుదుటపడ్డాకే పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలి. మన దగ్గర గొర్రెలకు వేసే ఇంజెక్షనే అది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, చర్మం కింద. ఒక శాతం మందైతే 15 కిలోల పిల్లకు 0.3 మిల్లీలీటరే. బరువు అంచనా వేయకండి, తూచండి. ఎప్పుడు వేయాలన్నది డాక్టరు నిర్ణయం.

ఊపిరి ఎలా చూడాలి? ఆరోగ్యంగా ఉన్న సీల్ పడుకున్నప్పుడు ముక్కు మూసుకుని చాలాసేపు ఊపిరి బిగబడుతుంది, అది మామూలే. జబ్బు పిల్లకు ఆ విరామం ఉండదు. మెడ చాచి, ముక్కురంధ్రాలు తెరిచే ఉంచి, పొట్ట ఎగరేస్తూ పీలుస్తుంది. దూరం నుంచే ఐదు నిమిషాలు గమనించండి. అలా ఎగపోస్తున్నప్పుడు గొట్టంతో ఆహారం పెట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మలంలో లార్వాలు లేనంత మాత్రాన పురుగులు లేనట్టు కాదు. పురుగు ఎదిగి లార్వాలు పెట్టేలోపే పిల్ల జబ్బు పడొచ్చు. కాలిఫోర్నియా ఎలిఫెంట్ సీల్ పిల్లలనైతే ఓటోస్ట్రాంజిలస్ ఆ దశకు రాకముందే చంపేస్తుంది. బేర్మన్ పద్ధతిలో మళ్లీ చూడండి: తాజా మలం 10 గ్రాములు గాజుగుడ్డలో కట్టి, గరాటులో పోసిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున అడుగు నీటి చుక్కలు మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఎండిపోయిన మలం పనికిరాదు. కఫం కూడా స్లైడు మీద చూడండి, కొన్నిసార్లు అక్కడే ముందు దొరుకుతాయి.

కోలుకునేటప్పుడు గడ్డకట్టించని తాజా చేప వద్దు. బాగా గడ్డకట్టించి కరిగించిన హెర్రింగ్ చేపే పెట్టండి, కిలో చేపకు 25 మిల్లీగ్రాముల చొప్పున బి1 విటమిన్ కలపండి, ఆ చేప బి1ని నాశనం చేస్తుంది. ఒంటి మీద పేలు కనబడితే డాక్టరుకు తప్పక చెప్పండి. సీళ్లలో గుండె పురుగును మోసుకొచ్చేవి అవే.