కరగనిదాన్ని పారెయ్యకు, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది. స్టైరీన్‌లో డీవీబీ (గొలుసులను ముడివేసే డైవినైల్‌బెంజీన్) కలిపి చేసిన పాలిమర్, అంటే పొడుగు గొలుసు అణువుల పదార్థం, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకంలో సగమే కరుగుతోంది, మిగతా సగం అడుగున జావలా కూర్చుంటోంది, గైడ్‌కు ఏం చెప్పాలో తెలియక నీకు టెన్షన్. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పని చెయ్యి. రెండు మూత సీసాలు తీసుకో. ఒకదాంట్లో తుమ్మజిగురు, నీళ్లు. రెండోదాంట్లో రబ్బరు బ్యాండ్ ముక్క, టోలుయీన్. ఇది ఫ్యూమ్‌హుడ్‌లోనే పెట్టు. తెల్లారి చూడు. జిగురు కరిగిపోయి ఉంటుంది. ఎంత వేసినా నీళ్లు మనం అనుకున్నంత చిక్కబడవు, ఎందుకంటే దాని గొలుసు కొమ్మలు వేసి ముద్దగా ముడుచుకొని ఉంటుంది. రబ్బరు మాత్రం ఉబ్బుతుంది, కరగదు. గంధకం వేసిన ముడులు గొలుసులను విడిపోనివ్వవు. జంపఖానాలో ఒక్క పోగు పట్టి లాగితే గుడ్డంతా వెంట వచ్చినట్టే ఇదీ. నీ ఫ్లాస్కులో ఈ రెండు రకాలూ కలిసి ఉన్నాయి, అంతే.

గొలుసులన్నీ ముడిపడి కరగని జెల్ ఎప్పుడు పడుతుందో లెక్క ఉంది, కానీ లెక్కను గుడ్డిగా నమ్మకు. నేను గ్లిసరాల్, అడిపిక్ ఆమ్లం చర్యలో పాల్గొనే గ్రూపులు సరిసమానంగా ఉండేలా కలిపి పాలియెస్టర్ చేసిన రోజుల్లో కారొదర్స్ సూత్రం చర్య 83 శాతం జరిగాక జెల్ అంది. ఫ్లోరీ, స్టాక్‌మేయర్‌ల లెక్క 71 అంటుంది. నేను పెద్ద అంకెను నమ్మి, 80 దగ్గర ఆపుదామనుకొని చాయ్ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి స్టిర్రర్ బిగుసుకుపోయింది. ఫ్లాస్కు తలకిందులు చేస్తే చుక్క కూడా జారలేదు. చివరికి గుడ్డ చుట్టి పగలగొట్టాను. అసలు జెల్ ఆ రెండు అంకెల మధ్యన పడుతుంది. ఆ తర్వాత నుంచి పావుగంటకోసారి చిటికెడు తీసి కేఓహెచ్ అనే క్షారంతో టైట్రేట్ చేసి, ఆమ్లం ఎంత మిగిలిందో చూసేవాణ్ని.

నీ స్టైరీన్‌కు ఈ లెక్క నేరుగా పనికిరాదు. నీ చర్యలో రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న) గొలుసు పుట్టిన క్షణంలోనే పొడుగైపోతుంది, అందుకే మోనోమర్ (గొలుసు కట్టే చిన్న అణువు) కొద్దిగా ఖర్చయ్యేసరికే జెల్ పడొచ్చు. కొమ్మలు మాత్రమే కావాలంటే డోడెకేన్‌థయాల్ అనే గంధకపు రసాయనం కలిపి గొలుసులను పొట్టివిగా ఉంచు. ఒక్కో గొలుసుకు సగటున ఒక క్రాస్‌లింకర్ (నీ డీవీబీ) దాటకుండా చూసుకో. ఆ థయాల్ వాసనకు హాస్టల్‌లో ఎవరూ నీ పక్కన కూర్చోరు, గాజు సామాను బ్లీచ్ నీళ్లలో నానబెట్టు. ఇంకో మాట, డీవీబీ సీసా మీద 55 శాతం అని ఉంటే మిగతాది ఎక్కువగా ఇథైల్‌వినైల్‌బెంజీన్. దాన్ని లెక్కలో వదిలేస్తే నీ ముడుల సంఖ్య మొదట్లోనే తప్పు. ఇన్హిబిటర్‌ను (మోనోమర్ నిల్వలో గట్టిపడకుండా కలిపేదాన్ని) అల్యూమినా కాలమ్‌లో తీసెయ్యి, ఆక్సిజన్ పోయేలా నైట్రోజన్ బాగా పంపు.

ఇప్పుడు అసలు సంగతి. జీపీసీకి (అణువులను సైజు వారీగా వేరుచేసే పరీక్షకు) ఇచ్చే ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగడతావు కదా, దాని మీద ఏం మిగిలిందో తూచావా? నేను తూచలేదు. గ్రాఫ్ అందంగా వచ్చిందని మురిసిపోయి వైవాలో చూపించాను. పరీక్షకు వచ్చిన పెద్దాయన ఒకటే అడిగారు: "వడపోతలో పోయినదాని బరువు ఎంత?" నా దగ్గర జవాబు లేదు. నేను కొలిచింది కరిగిన భాగాన్ని మాత్రమే.

అందుకే కరగనిదాన్ని పారెయ్యకు. అర గ్రాము పొడిని థింబుల్ అనే కాగితపు గొట్టంలో వేసి, ద్రావకాన్ని మళ్లీ మళ్లీ కాచి పోసే సాక్స్‌లెట్‌లో ఒక పగలు, ఒక రాత్రి టోలుయీన్‌తో ఆడించు. బరువు మారకుండా నిలిచేదాకా వాక్యూమ్‌లో ఆరబెట్టి తూచు. 0.41 మిగిలితే జెల్ 82 శాతం. కండెన్సర్‌ను చల్లబరిచే మన ట్యాంకు నీళ్లు మే నెలలో కాగినట్టే వస్తాయి. డైక్లోరోమీథేన్ లాంటిది కండెన్సర్‌లో నిలవదు, రాత్రి వదిలేసి పోతే పొద్దున ఫ్లాస్కు ఎండి ఉంటుంది. టోలుయీనే మేలు. ఆరబెట్టేముందు ఉబ్బిన జెల్‌నూ తూచు; అప్పుడు పైతడి అద్ది వెంటనే మూత సీసాలో వెయ్యి, లేకపోతే తూచేలోగా టోలుయీన్ ఆవిరైపోతుంది. ఆ ఉబ్బుడు నుంచే ఫ్లోరీ–రెనర్ సూత్రంతో రెండు ముడుల మధ్య గొలుసు ఎంత పొడుగో తెలుస్తుంది.

కరిగిన భాగానికి జీపీసీ చేయించు, కానీ తిన్నని పాలిస్టైరీన్‌తో పోల్చి ఇచ్చే కాలిబ్రేషన్ అంకెను నమ్మకు. కొమ్మలున్న అణువు ముడుచుకొని చిన్నగా కనిపిస్తుంది, అసలు బరువు అంతకన్నా ఎక్కువ. లైట్ స్కాటరింగ్, విస్కోమీటర్ డిటెక్టర్లు ఉన్నచోట చేయిస్తే సమాన బరువున్న తిన్నని గొలుసుతో పోల్చి కొమ్మల సంగతి చెప్పగలుగుతావు.

గైడ్‌కు ఈ వారం జెల్ శాతం, ఉబ్బిన బరువు, ఫిల్టర్ మీద మిగిలిన బరువు, ఈ మూడూ చూపించు. దసరాకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. అత్తమ్మ సర్వపిండి చేస్తానంది.

నీ మేనమామ