కారం ఎవరి దగ్గర కొనాలి: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

నీ కాకినాడ షాపులకీ, హోటళ్ళకీ వెయ్యడానికి కారం పొడి ఎవరి దగ్గర తెప్పించాలంటూ నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మూడు మిల్లుల రేట్లూ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మొదటి రెండింటికీ తేడా రెండు రూపాయలే. మూడోది మాత్రం కిలోకి పద్దెనిమిది రూపాయలు తక్కువ. "నెలకి రెండు టన్నులంటే ముప్పై ఆరు వేలు మిగులుతాయి కదత్తా" అన్నావు. నీ లెక్కలో తప్పు లేదు. కానీ ఆ పద్దెనిమిది రూపాయలు ఎక్కడ తగ్గాయో తెలిసేదాకా అడ్వాన్స్ పంపకు.

కారం పొడి రేటులో పెద్ద రహస్యం ఉండదు. గుంటూరు మిర్చి యార్డులో కాయ ఏ రకం ఎంత పలికిందో ఏ రోజుకారోజు అందరికీ తెలుస్తుంది. దానికి తొడిమలు తీసిన కూలి, తీసేసిన తొడిమల తూకం, ఎండితే పోయే తేమ, మర ఖర్చు, ప్యాకింగ్, లారీ కిరాయి, మిల్లు లాభం కలిపి నువ్వే వేసి చూడు. ఆ మొత్తానికి బాగా కింద ఎవరైనా ఇస్తున్నారంటే తొడిమలతో సహా మరలో పోస్తూ ఉండాలి, లేదా తాలు కాయలు కలుపుతూ ఉండాలి. తాలు పాలిపోయి ఉంటుంది. దాన్ని ఎర్రగా చూపించాలంటే రంగు కావాలి. నాకు భయం అక్కడే.

ఈ భయం ఊరికే లేదు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్-1 అనే రంగు దొరికింది. బట్టలకీ, మైనానికీ వేసే రంగు అది. అప్పటినుంచి యూరప్ దేశాలు పరీక్ష కాగితం లేనిదే మిరప సరుకు దిగనివ్వలేదు. అయినా 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగున్న కారం ఒక సాస్‌లో పడిందని బయటపడి, ఆ సాస్ వాడిన వందల రకాల తిండి సరుకుల్ని షాపుల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఆ షాపులవాళ్ళెవరూ రంగు కలపలేదు. కొన్నారు, అమ్మారు, అంతే. రేపు కాకినాడలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీస్తే నీ పరిస్థితీ అదే.

ఇక నాకు జరిగింది చెప్తాను. నేను వ్యాపారంలోకి దిగిన రెండో ఏడు, మార్చిలో ఒక మిల్లుని ఎంచుకున్నాను. శాంపిల్ చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది. మొదటి నాలుగు లోడ్లూ అంతే. దసరా దాటాక వచ్చిన లోడు పొడి పాలిపోయి ఉంది, వాసన లేదు. అడిగితే "ఈసారి కాయే అలా ఉందమ్మా" అన్నారు. డిసెంబరులో రేటు ఎగిరింది. నేను అడ్వాన్స్ కట్టిన లోడు సంక్రాంతి వెళ్ళినా రాలేదు. అప్పుడు ఆరా తీస్తే తేలింది, ఆ మిల్లుకి సొంత నిల్వ ఒక్క టిక్కీ, అంటే ఒక్క బస్తా కాయ కూడా లేదని. ఏ రోజు కాయ ఆ రోజు కొని పట్టి పంపుతున్నారు. నా షాపులవాళ్ళు ఒక్కరూ నన్ను తిట్టలేదు. మాట్లాడకుండా ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళని మళ్ళీ తెచ్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మీ మావయ్య లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అందుకే నేను అన్నిటికంటే ముందు చూసేది నిల్వ. కొత్త కాయ యార్డుకి ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఎండాకాలంలో యార్డుకి సెలవులిస్తారు. మిగిలిన ఏడాదంతా మనం తినేది ఏసీల్లో దాచిన కాయే. గుంటూరులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ అని నీకు తెలుసుగా. మార్చిలో ఎవరైనా మంచి పొడి ఇవ్వగలరు. నవంబరులో కూడా అదే ఎరుపు, అదే ఘాటు ఇవ్వాలంటే ఏప్రిల్‌లోనే మంచి కాయ కొని ఏసీలో పెట్టి ఉండాలి. అందుకు డబ్బు ఉండాలి, ముందుచూపూ ఉండాలి. కాబట్టి మిల్లు ఓనర్‌ని నేరుగా అడుగు: "ఏ ఏసీలో పెట్టారు, ఎన్ని టిక్కీలు, రసీదు ఎవరి పేరు మీద ఉంది?" అని. నిల్వ ఉన్నవాళ్ళు రసీదు చూపిస్తారు. లేనివాళ్ళు టీ తెప్పిస్తారు.

రెండో మిల్లు ఓనర్ నిన్ను "ఎవరికి అమ్ముతావమ్మా?" అని అడిగారన్నావు చూడు, నాకు ఆ మాట నచ్చింది. హోటళ్ళకి ఘాటు కావాలి, తేజ రకం కాయ బాగుంటుంది. పచ్చళ్ళవాళ్ళకి రంగు నిలవాలి. ఇళ్ళకి వెళ్ళే ప్యాకెట్‌కి రెండూ సమంగా ఉండాలి. ఇవన్నీ తెలుసుకోకుండా "మాది నంబర్ వన్ క్వాలిటీ" అనేవారితో పదేళ్ళు నడవలేం.

మిల్లుకి చెప్పకుండా వెళ్ళు. వెళ్ళాక ఆఫీసు గదిలో కూర్చోకు, మర దగ్గరికి పద. మూలన తాలు కుప్ప ఉంటే అది ఎటు వెళ్తుందని పనివాళ్ళని అడుగు. మర నుంచి వచ్చే పొడిలో ఇనుప రజను పట్టే అయస్కాంతం ఉందో లేదో చూడు. మూడు నెలల కిందటి ప్యాకెట్ ఒకటి సంచిలో తీసుకెళ్ళి దాని మీద బ్యాచ్ నంబర్ చూపించి, ఇది ఏ లాట్ కాయో చెప్పమను. రిజిస్టర్ తీసి పది నిమిషాల్లో చెప్పారంటే రేపు ఒక లోడు మీద గొడవ వచ్చినా ఆ మిల్లు తప్పించుకోదు. ఇంత చిన్న పరీక్షకి నిలబడే మిల్లులు నేను చూసినవాటిలో తక్కువే.

కాగితాలు కూడా చూడాలి, కానీ వాటికి రోజులు పట్టవు. జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ళ నంబర్ కొడితే రిటర్నులు టైముకి వేస్తున్నారో లేదో కనిపిస్తుంది. వాళ్ళు నీ బిల్లు ఎక్కించకపోతే నీ 2బీలో, అంటే పోర్టల్‌లో నీ కొనుగోళ్ళ టాక్స్ చూపించే పట్టీలో రాదు, నువ్వు కట్టిన అయిదు శాతం టాక్స్‌కి క్రెడిట్ రాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే ఆహార భద్రతా సంస్థ లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో చూడు. సరుకు బాగుందని మిల్లు రాతపూర్వకంగా ఇచ్చే హామీ, ఫారం-ఇ అంటారు, బిల్లు మీదైనా వేరేగానైనా ప్రతిసారీ తీసుకో. 2006 ఆహార భద్రతా చట్టం కింద డిస్ట్రిబ్యూటర్‌కి కూడా బాధ్యత ఉంది. ఎవరి దగ్గర కొన్నావో నువ్వు చూపించలేకపోతే తప్పు నీ మీదే నిలుస్తుంది. ల్యాబ్ రిపోర్టు ఇస్తే దాని మీద లాట్ నంబర్ చూడు, నీకు వచ్చే లాట్‌దేనా అని. పాత రిపోర్టు జిరాక్స్ అందరికీ పంచేవాళ్ళున్నారు. అనుమానం వస్తే గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది.

రేటు ఏడాది మొత్తానికి ఒకేసారి ఖాయం చేసుకోవాలని చూడకు. యార్డు రేటుకి పైన కిలోకి ఇంత అని మాట్లాడుకో. రేటు పెరిగితే ఆయన దాచక్కర్లేదు, తగ్గితే నువ్వు అనుమానపడక్కర్లేదు. నీ ఊళ్ళో ఇంకొకరికి ఇవ్వబోమనీ, నీ హోటళ్ళకి నేరుగా వెయ్యబోమనీ కాగితం మీద రాయించుకో. ఎన్ని రోజుల అప్పు ఇస్తారన్నదాన్ని బట్టి మాత్రం మిల్లుని ఎంచుకోకు. ఎక్కువ రోజుల అప్పుకి వడ్డీ రేటులోనే కలిసి ఉంటుంది. అలాగే నువ్వు ఎంచుకున్నది కాక ఇంకో మిల్లు దగ్గర కూడా నెలనెలా కొంచెమైనా కొంటూ ఉండు. అవసరం పడ్డ రోజు వెళ్ళి పరిచయం చేసుకుంటే ఎవరూ సరుకు ఇవ్వరు.

చివరిగా ఒకటి, ఇది నీకు నచ్చకపోవచ్చు. 2023లో మంచి తేజ క్వింటాలు ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికల్లా రేటు ఎంత పడిపోయిందంటే, కేంద్రం రైతుల కోసం క్వింటాలుకి 11,781 రూపాయలని ధర ప్రకటించాల్సి వచ్చింది. అలా పడిన ఏడాది నీ మిల్లు ఓనర్ దగ్గర ఎక్కువకి కొన్న పాత కాయ ఏసీలో ఇరుక్కుపోయి ఉంటుంది. బయట ఎవరో నాలుగు రూపాయలు తక్కువ అంటారు. ఆ రోజు నువ్వు వెళ్ళిపోతే, రేటు ఎగిరిన ఏడాది నీ లోడు ఆయన ఇంకొకరికి పంపినా అడిగే మొహం ఉండదు. నేను ఒకసారి అలాంటి నష్టంలో సగం నా మీద వేసుకున్నాను. ఆ మిల్లుతో పంతొమ్మిదేళ్ళు నడిచాను. డబ్బు కూడా చెప్పిన తేదీకి పంపెయ్. మిల్లు సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే నలభై అయిదు రోజులు దాటనివ్వకు, రాత ఒప్పందం లేకపోతే గడువు పదిహేను రోజులే. దాటితే ఇన్‌కమ్ టాక్స్‌లోనూ ఇబ్బంది, మీ ఆడిటర్ చెప్తారు. ఆవకాయల సీజన్‌కి ఎంత కావాలో ఫిబ్రవరిలోనే చెప్పెయ్. అప్పటికి ఆయన ఇంకా కాయ కొంటూ ఉంటారు.

నవంబరు మొదటి వారంలో తెనాలి వచ్చేయ్. నేనూ వస్తాను, ఇద్దరం పొద్దున్నే గుంటూరు వెళ్దాం. ముందు రెండో మిల్లు, తర్వాత మొదటిది. మూడోదానికి కూడా వెళ్దాం, ఆ పద్దెనిమిది రూపాయల సంగతి వాళ్ళనే అడుగుదాం. వచ్చేలోపు కాకినాడ షాపుల్లో ఆ మూడు మిల్లుల ప్యాకెట్లూ కాస్త పాతవి చూసి కొని ఉంచు.

మీ అత్త