గ్రీకు రాజుల ముఖాలున్న బంగారు నాణేలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అలెగ్జాండర్ బొమ్మ ఉన్న బంగారు నాణెంతో మొదలుపెడదామనుకుంటున్నానని, నకిలీది అంటగడతారేమోనని టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. ముందు అలెగ్జాండర్ సంగతి చూద్దాం. ఆయన పేరుతో వేసిన బంగారు స్టేటర్ (అప్పటి గ్రీకు బంగారు నాణెం) మీద ఆయన ఉండడు. ముందువైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత, వెనక రెక్కలున్న విజయదేవత నైకీ ఉంటారు. వాళ్ల నాన్న రెండో ఫిలిప్ స్టేటర్ మీద ఉన్నది అపోలో దేవుడు. అమ్మేవాళ్లు 'అలెగ్జాండర్ గోల్డ్' అని పెద్దక్షరాలతో రాస్తారు కాబట్టి చాలామంది ఆ ముఖం ఆయనదే అనుకుంటారు. అలెగ్జాండర్ ముఖం కావాలంటే ఆయన పోయాక ఆయన సేనానులు వేసిన నాణేల దగ్గరికి వెళ్లాలి.

నేను మొదట కొన్నది, ఇప్పటికీ కొత్తవాళ్లకు చెప్పేది లైసిమాకస్ స్టేటర్. ఆ సేనానుల్లో ఒకడై, గ్రీసుకు ఉత్తరాన ఉన్న థ్రేస్‌ను ఏలిన లైసిమాకస్ తన ముఖం వేసుకోకుండా తన పాత యజమాని ముఖం వేయించాడు. నుదుటి చుట్టూ రాజపట్టం, చెవి మీదుగా వంపు తిరిగిన పొట్టేలు కొమ్ము ఉంటాయి. ఆ కొమ్ము ఆమన్ దేవుడిది. ఆయన కొడుకునని అలెగ్జాండర్ చెప్పుకున్నాడు కదా, అందుకు. వెనకవైపు ఎథీనా కూర్చుని ఉంటుంది, ఆమె చేతిలోని బుల్లి నైకీ లైసిమాకస్ పేరుకు దండ వేస్తూంటుంది. బరువు ఎనిమిదిన్నర గ్రాములకు అటూ ఇటూ, అంటే మన కాసు కంటే రవ్వంత ఎక్కువ.

లైసిమాకస్ క్రీ.పూ. 281లో యుద్ధంలో పోయాడు గానీ ఆయన నాణేలు ఆగలేదు. బైజాంటియం, కలాటిస్, తోమిస్ లాంటి నగరాలు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా అదే పేరుతో ముద్రించాయి. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి, కాస్త అందుబాటు ధరలో ఉండేవి ఈ చివరి రకాలే. వీటి మీది అలెగ్జాండర్‌లో, నల్లసముద్రం ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యాన్ని ఏలిన ఆరో మిత్రదాత పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. జుట్టు గాలికి ఎగిరిపోతున్నట్టు ఉంటుంది, కళ్లు పెద్దవి. రెండు మూడు వేల డాలర్లలో మంచిది దొరుకుతుంది, కానీ బంగారం ధరతో పాటు ఇదీ కదులుతూ ఉంటుంది. శిల్పం బాగున్నది ఒక్కటి కొనండి, చవకగా వస్తున్నాయని మూడు కొనకండి.

బతికుండగానే సొంత ముఖం వేయించుకున్న రాజు కావాలంటే ఈజిప్టు మొదటి టాలెమీ. ముక్కు వంగి, చుబుకం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అందంగా చూపించమని ఆయన అడిగినట్టు లేదు. ఆయన చెవి వెనక జుట్టులో ఒక్కోసారి అతి చిన్న 'డెల్టా' అక్షరం ఉంటుంది, భూతద్దం లేకుండా పట్టుకోవడం కష్టం. అది అచ్చు చెక్కిన శిల్పి సంతకమని చాలామంది నమ్మకం. ఇక ఆయన కూతురు రెండో ఆర్సినోయె పెద్ద బంగారు నాణెం దాదాపు 28 గ్రాములు, తల మీద ముసుగు, వెనక సమృద్ధికి గుర్తుగా జంట కొమ్ముల నిండా పండ్లు. అది వేలంలో సాధారణంగా పది వేల డాలర్లు దాటేస్తుంది. ఇప్పటి అఫ్గానిస్తాన్ ప్రాంతంలోని గ్రీకు రాజ్యం బాక్ట్రియాను ఏలిన యూక్రటిడీస్ వేసిన 169 గ్రాముల నాణెమైతే పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది, చూసి రావడమే.

బాక్ట్రియా పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఈ ముఖాల అలవాటు అక్కడి నుంచి ఇండో గ్రీకులకు, వాళ్ల నుంచి పడమటి భారతాన్ని ఏలిన శక రాజులైన పశ్చిమ క్షత్రపులకు, వాళ్ల నుంచి మన శాతవాహనులకు వచ్చింది. గౌతమీపుత్ర శాతకర్ణి, యజ్ఞశ్రీ వెండి నాణేల మీది ముఖాలు ఆ వరసలోవే.

ఇప్పుడు నకిలీల సంగతి. వెండికి, రాగికి పాతబడిన రంగు వస్తుంది, తుప్పు పడుతుంది, అది కొంత సాక్ష్యం. బంగారానికి ఆ సాక్ష్యం ఉండదు. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్నా నిన్న కొట్టినట్టే మెరుస్తుంది. అసలైన బంగారంతో, సరైన తూకంతో చేసిన నకిలీలు ఉన్నాయి కాబట్టి నగల షాపులో ప్యూరిటీ చూపించుకుంటే తేలేది లోహం గురించే. కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనే జర్మన్ 19వ శతాబ్దం మొదట్లోనే చేత్తో అచ్చులు చెక్కి ఈ పని చేశాడు. కొత్త మెరుపు పోవడానికి నాణేలను ఇనప రజనుతో పెట్టెలో వేసి బండికి కట్టి తిప్పేవాడంటారు.

నేను చూసేది ఇది. సుత్తి దెబ్బకు లోహం మధ్య నుంచి అంచుకు పరుగెడుతుంది, ఆ సన్నటి గీతలు ముఖం చుట్టూ ఖాళీ జాగాలో, అక్షరాల మొదట్లో కనిపించాలి. పోత పోసిన దాంట్లో అవి ఉండవు, అక్షరాల అంచులు సబ్బు కరిగినట్టు మెత్తబడి ఉంటాయి. అంచు చుట్టూ ఆకురాయి గీతలు ఉంటే పోత అతుకును అరగదీశారేమోనని అనుమానించాలి. లేదా ఒకప్పుడు లాకెట్‌గా వాడి కొక్కెం తీసేసి ఉంటారు. అప్పుడు నాణెం అసలుదే అయినా ధర బాగా పడిపోతుంది. (మా అమ్మ నా నాణెం చూసి "గొలుసులోకి బాగుంటుందిరా" అంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.)

ఆ తర్వాత అచ్చు పోల్చడం. ఒక అచ్చుతో చాలా నాణేలు కొడతారు కాబట్టి మీరు కొనబోయే దానికి అదే అచ్చుతో వచ్చిన తోబుట్టువులు మ్యూజియాల్లో, పాత వేలాల ఫోటోల్లో ఉండొచ్చు. దొరికితే మంచిదే. కానీ వాటితో పాటు ఒకే చోట గీత, ఒకే చోట గుంట కూడా కలిసిందంటే ఆశ పెట్టుకోకండి, ఒక నాణెం నుంచి రెండోది తీశారన్నమాట. నేను లండన్‌లో ఉంటాను కాబట్టి వేలానికి ముందు ప్రదర్శన రోజుల్లో వెళ్లి నాణేలు చేతిలో పట్టుకుని చూస్తాను. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. బ్రిటిష్ మ్యూజియం నాణేల విభాగంలో కూడా ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే దగ్గరుండి చూపిస్తారు. అసలైనవి వరసగా చేతిలో పట్టుకున్నాక కంటికి వచ్చే అలవాటు ఫోటోల వల్ల రాదు.

ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే కాగితాలు లేని నాణెం కొనకండి. పాత వేలం కేటలాగ్‌లో ఫోటో ఉన్నదానికి కాస్త ఎక్కువైనా పెట్టొచ్చు. గ్రీస్ నుంచి వచ్చే పురాతన నాణేల మీద అమెరికాలో 2011 నుంచి దిగుమతి ఆంక్షలున్నాయి, పురాతన వస్తువుల దిగుమతి మీద యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధనలు 2025 జూన్ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. ఇండియాకు తెచ్చుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, మళ్లీ బయటికి తీసుకెళ్లడం మన చేతుల్లో ఉండదు. వేలంలో పలికిన ధర మీద కమీషన్ 20 శాతం వరకు, ఒక్కోసారి ఆ పైన కూడా ఉంటుంది, చెయ్యెత్తే ముందే లెక్కేసుకోండి.

ఇంత డబ్బు ఇప్పుడే పెట్టలేమనుకుంటే టాలెమీ వెండి టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల నాణెం) చూడండి. అదే వంగిన ముక్కు, అదే చుబుకం, వెనక పిడుగు మీద నిలబడ్డ గద్ద, కొన్ని వందల డాలర్లకే వస్తుంది.