మెర్మెయిడ్ డయాగ్రామ్ ఇమేజ్‌గానూ కావాలి, టెక్స్ట్ బొమ్మగానూ కావాలి: ఒక్క టూల్ చాలదు

మెర్మెయిడ్‌లో (కోడ్‌లా రాసిన లైన్ల నుంచి బొమ్మ గీసే టూల్) రాసుకున్న ఫ్లోచార్టులు, సీక్వెన్స్ డయాగ్రామ్‌లు వర్డ్ డాక్యుమెంట్‌లోకీ వెళ్లాలి, కోడ్ కామెంట్లలో గీతలు, అక్షరాలతోనూ కనిపించాలి, రెండూ చేసే టూల్ ఏదైనా ఉందా అని అడిగారు. అలాంటి టూల్ కోసం నేనూ చాలా వెతికాను. చివరికి ఇమేజ్‌కి ఒకటి, టెక్స్ట్‌కి ఒకటి పెట్టుకున్నాకే పని సాఫీగా సాగుతోంది.

ఇమేజ్‌కి మెర్మెయిడ్ వాళ్ల కమాండ్‌లైన్ టూల్ ఎంఎండీసీ (mmdc) చాలు. అది లోపల క్రోమియం బ్రౌజర్‌ని తెర లేకుండా నడిపి బొమ్మ తీస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ కాస్త బరువే. డాకర్ కంటైనర్‌లో రూట్ (అడ్మిన్) యూజర్‌గా నడిపితే క్రోమియం మొరాయిస్తుంది. మామూలు యూజర్‌తో నడపండి.

నేను మొదట పీఎన్‌జీ తీసి వర్డ్‌లో పెట్టాను. స్క్రీన్ మీద బాగానే ఉంది, ప్రింట్ తీస్తే అక్షరాలు అలికేసినట్టు వచ్చాయి. సరే అని, ఎంత పెద్దది చేసినా చెదరని ఎస్‌వీజీ ఫార్మాట్‌కి మారాను. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే బాక్సులున్నాయి, బాణాలున్నాయి, లోపల ఒక్క అక్షరం లేదు! సాయంత్రానికి డాక్యుమెంట్ పంపాలి, ఒకటే టెన్షన్. విషయం ఏమిటంటే, ఫ్లోచార్టు లేబుళ్లను మెర్మెయిడ్ అసలైన ఎస్‌వీజీ అక్షరాలుగా రాయదు, ఫారిన్‌ఆబ్జెక్ట్ అనే ట్యాగ్‌లో హెచ్‌టీఎంఎల్‌గా పెడుతుంది. బ్రౌజర్‌కి అది అర్థమవుతుంది, ఇంక్‌స్కేప్ లాంటివాటికి కాదు. కాన్ఫిగ్‌లో హెచ్‌టీఎంఎల్‌లేబుల్స్‌కి (htmlLabels) ఫాల్స్ ఇచ్చి మళ్లీ తీస్తే అక్షరాలన్నీ వచ్చేశాయి. పీఎన్‌జీయే కావాలంటే స్కేల్ ఆప్షన్‌ని 3 చేసి తీయండి, ప్రింట్‌లో నిలుస్తుంది.

ఇక టెక్స్ట్ బొమ్మ. దీని విలువ నాకు ఒక రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో తెలిసింది. పేమెంట్లు ఆగిపోయాయి, చేతిలో ఉన్నది సర్వర్ టెర్మినల్ ఒక్కటే. ఏ సర్వీస్ దేన్ని పిలుస్తుందో చూపే బొమ్మ వికీలో ఉంది, వికీ ఆ సమయానికే తెరుచుకోలేదు. కోడ్ ఉండే రిపోలోనే టెక్స్ట్ ఫైల్‌గా ఉండి ఉంటే ఒక్క క్యాట్ కమాండ్‌తో కళ్ల ముందుండేది. ఆ వారమే ముఖ్యమైన నాలుగు ఫ్లోలను టెక్స్ట్‌లోకి మార్చేశాను.

సీక్వెన్స్ డయాగ్రామ్‌లకైతే ప్లాంట్‌యూఎంఎల్ వాడండి, ఇదీ కోడ్ నుంచి బొమ్మ తీసే టూలే. జావా ఉంటే చాలు. హైఫన్ తర్వాత టీ టీ ఎక్స్ టీ (-ttxt) అని ఇస్తే కూడిక గుర్తులు, నిలువు గీతలతో మామూలు ఆస్కీ బొమ్మ వస్తుంది. టీ యూ టీ ఎక్స్ టీ (-tutxt) అని ఇస్తే యూనికోడ్ గీతలతో ఇంకా నీటుగా వస్తుంది. కామెంట్లలో పెట్టడానికి నాకు రెండోదే ఇష్టం. మెర్మెయిడ్ సీక్వెన్స్ కోడ్‌కి, దీని కోడ్‌కి పెద్ద తేడా లేదు, బాణం గుర్తులు సరిచేస్తే చాలావరకు నడుస్తుంది. ఫ్లోచార్టులకు మాత్రం దీని టెక్స్ట్ అవుట్‌పుట్ మీద ఆశ పెట్టుకోకండి.

ఫ్లోచార్టుకి గ్రాఫ్ ఈజీ అనే పెర్ల్ టూల్ ఉంది. గ్రాఫ్‌విజ్ అనే మరో డయాగ్రామ్ టూల్ వాడే డాట్ ఫైల్ కూడా చదువుతుంది, దాని సొంత రాత ఇంకా తేలిక:

[ ఆర్డర్ ] --> [ పేమెంట్ ] --> [ డెలివరీ ]

బాక్సార్ట్ ఆప్షన్‌తో నడిపితే ఈ ఒక్క లైనే మూడు బాక్సులుగా, మధ్యలో బాణాలతో వస్తుంది. ఏడెనిమిది బాక్సులు దాటితే మాత్రం గీతలు ఒకదానిమీద ఒకటి పడి చదవలేం. పెద్ద ఫ్లోని రెండుగా విడగొట్టండి.

పైన తెలుగులో రాశాను గానీ, టెక్స్ట్ బొమ్మల్లో లేబుళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచమని గట్టిగా చెబుతాను. తెలుగులో పెట్టాలని నేను మనసుపడి ప్రయత్నించాను, బాక్సు కుడిగోడ ప్రతి లైనులో ఒక్కోచోట తేలింది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. అది ఎన్ని గళ్లు పడుతుందో టూల్‌కి ఒక లెక్క, టెర్మినల్‌కి ఒక లెక్క, ఫాంట్‌కి ఇంకో లెక్క. ఇమేజ్‌లో ఈ బాధ లేదు. కాకపోతే బొమ్మ తీసే మెషీన్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఉండాలి, లేదంటే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి.

ఇంకో మాట. ఆఫీసు డయాగ్రామ్‌లను పబ్లిక్ ప్లాంట్‌యూఎంఎల్ సర్వర్‌లో పెట్టకండి. అక్కడ బొమ్మకి వచ్చే లింక్‌లోనే కోడ్ మొత్తం ఉంటుంది, అది కుదించి రాసిందే తప్ప తాళం వేసింది కాదు. లింక్ దొరికిన ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. మీ సొంత మెషీన్‌లోనే నడపండి.

నేను డయాగ్రామ్ కోడ్ ఫైళ్లన్నీ రిపోలో ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ఎస్‌వీజీ, టెక్స్ట్ రెండూ ఒక మేక్‌ఫైల్‌తో (కావలసిన కమాండ్లన్నీ ఒకేసారి నడిపే ఫైల్) తీస్తాను. తీసిన టెక్స్ట్ ఫైళ్లను కూడా కమిట్ చేస్తాను, సర్వర్‌లో ఉన్నప్పుడు అవే కావాలి. మీ ఫ్లోచార్టులో ఎన్ని బాక్సులున్నాయో రాయండి, ఎక్కడ విడగొడితే బాగుంటుందో చూసి చెబుతాను.