‘నీకేం తక్కువ’ అంటారు... రాత్రయితే మాత్ర లేనిదే నిద్ర రాదు

ప్రశ్న: నా వయసు 53. మావారు బ్యాంకు మేనేజర్. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉన్నారు. అప్పుల్లేవు, గొడవల్లేవు. అయినా ఏడాదిగా మనసంతా వెలితి. పాజిటివ్ థింకింగ్ వీడియోలు చూస్తాను. రోజూ మూడు మంచి విషయాలు నోట్‌బుక్‌లో రాస్తాను, ఇప్పుడు అదీ భారంగా ఉంది. ఇదివరకు అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేదాన్ని, మానేశాను. తిండి సయించడం లేదు, నాలుగు కిలోలు తగ్గాను. అబ్బాయి ఫోన్ కోసం రాత్రి పదకొండున్నర దాకా మేలుకుని, తర్వాత మా అక్క ఇచ్చిన ఆల్ప్రాజోలామ్ సగం మాత్ర వేసుకుంటాను. ఏడు నెలలుగా ఇదే. ఈమధ్య సగం చాలక ఒకటి వేసుకుంటున్నా. అయినా మూడున్నరకే మెలకువ. షుగర్‌కు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. శాకాహారులం. మావారు ‘నీకేం తక్కువ’ అంటారు. జీవితానికి అర్థం ఉందనిపించాలంటే ఏ అలవాట్లు చేసుకోవాలి? ఏ పుస్తకం చదవాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, అలవాట్ల సంగతికి తప్పకుండా వస్తాను. కానీ మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది వేరే చోట. ‘ఈమధ్య సగం చాలక ఒకటి వేసుకుంటున్నా’ అని మాటల మధ్యలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను.

ఆల్ప్రాజోలామ్ పనిచేసే మందే. ఆందోళన విపరీతంగా ఉన్నప్పుడు కొద్ది రోజులకు మేం డాక్టర్లమూ రాస్తాం. నెలల తరబడి రోజూ వేసుకుంటే మాత్రం మెదడు దానికి అలవాటు పడిపోతుంది. మొన్న సగం మాత్రకు వచ్చిన నిద్ర ఇవాళ ఒకటి వేస్తే గానీ రాదు. రేపు ఒకటిన్నర అంటుంది. ఇందులో మీ మనోబలం తక్కువై జరిగిందేమీ లేదు, ఆ మందు గుణమే అంత.

స్ట్రిప్‌ను ఒకసారి తిప్పి చూడండి. ఎర్ర గీతల పెట్టెలో చిన్న అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని ప్రభుత్వం జాబితా కట్టినవాటిలో ఒకటి. 2014 నుంచి ఈ జాబితాలోని మందు అమ్మితే, రాసిన డాక్టర్ పేరు, వాడేవారి పేరు మందుల షాపువాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. జ్వరం బిళ్లకు లేని ఇంత కట్టుబాటు దీనికి ఎందుకు పెట్టారో ఆలోచించండి. మీ అక్కగారు ప్రేమతోనే ఇచ్చారు, కాదనను. కానీ ఆ మాత్ర ఆవిడ వయసు చూసి, ఆవిడ ఇబ్బంది చూసి రాసింది. కూర గిన్నెలా ఇంటి నుంచి ఇంటికి ఇచ్చిపుచ్చుకునేది కాదమ్మా.

అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే ఆపేయకండి. నిద్ర మాత్రల గురించి రాసినప్పుడల్లా నాకున్న భయం ఇదే. ఒకావిడ ఇలాగే పట్టుదలగా ఒక్కసారే మానేసి మూడో రోజు నా దగ్గరికి వచ్చారు. మంచినీళ్లు ఇస్తే, గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఒళ్లోకి ఒలికిపోయాయి. ఒళ్లంతా చెమట, గుండె దడ, మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఈ మాత్రను డాక్టర్ పర్యవేక్షణలో, వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. అప్పటిదాకా మోతాదు పెంచవద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్ర దీనికి తోడుగా సొంతంగా వేసుకోవద్దు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే లైటు వేసుకుని నిదానంగా నడవండి. ఈ మాత్రల మత్తులో తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లు ఉంటారు.

రెండో విషయం. తెల్లవారుజామున మెలకువ, తిండి సయించకపోవడం, బరువు తగ్గడం, ఇష్టంగా చేసే పని మానేయడం... ఇవన్నీ కలిసి రెండు వారాలు దాటితే చాలు, మేం డిప్రెషన్ ఉందేమో అని చూస్తాం. మీరు ఏడాది ఆగారు. నోట్‌బుక్‌తో, వీడియోలతో ఒక్కరే నెట్టుకొచ్చారు. ఇంత ఆలస్యం చేయాల్సింది కాదు.

ఉత్తరం చూసి జబ్బు పేరు ఖాయం చేయలేను, చేయకూడదు కూడా. మూడున్నర మెలకువ మాత్ర ప్రభావం దిగిపోవడం వల్ల కూడా కావచ్చు. షుగర్ అదుపు తప్పినా, థైరాయిడ్ ఎక్కువైనా బరువు తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది, శాకాహారులైతే మరీను. బీ12 తగ్గితే నీరసం, మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లతో పాటు మనసూ దిగాలుగా ఉంటుంది. మీ వయసులో మెనోపాజ్ వల్ల ఒళ్లు వేడెక్కి, చెమటలు పట్టి నిద్ర చెడుతుంది. అందుకని హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షలు చేయించండి. వెలితి అంటున్నదాంట్లో కొంత ఆ రిపోర్టుల్లో దొరికినా ఆశ్చర్యం లేదు. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా సైకియాట్రిస్టును కలవడం మానవద్దు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది.

అక్కడ మందులు రాస్తే భయపడకండి. డిప్రెషన్ మందులు ఆల్ప్రాజోలామ్ లాంటివి కావు. వేసుకున్న రాత్రే నిద్ర ముంచుకురాదు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ‘పనిచేయడం లేదు’ అని పదో రోజున ఆపేసేవాళ్లే ఎక్కువ. ఇబ్బంది తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగ్‌తోనే సరిపోవచ్చు కూడా.

మీరు రాయలేదు గానీ అడగడం నా బాధ్యత. ‘నేను లేకపోతే బాగుండు’ అని ఎప్పుడైనా అనిపించిందా? అనిపించి ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు మీవారి ఫోన్‌లోనూ ఎక్కించండి.

ఇప్పుడు అలవాట్లు. పుస్తకం పేరు చెప్పను. నోట్‌బుక్ కొన్నాళ్లు పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు. మనసు బాగోలేనప్పుడు రోజూ మంచి విషయాలు వెతుక్కోవాలంటే ‘ఇన్ని ఉండి కూడా సంతోషంగా లేనే’ అని తప్పు చేసినట్టు అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఇదే చెబుతారు. దాని బదులు ఆ లెక్కల క్లాసు. అందరూ వద్దు. ఒక్క పిల్లను పిలవండి, వారానికి రెండు సాయంత్రాలు, అరగంట. చేయాలనిపించేదాకా ఆగకండి. మామూలు రోజుల్లో మనసు పుట్టి పని చేస్తాం. డిప్రెషన్‌లో పని ముందు మొదలవ్వాలి, మనసు వెనకాల నెమ్మదిగా వస్తుంది. మేం బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సకు మూలం ఇదే. మీరు చెప్పిన భిన్నాల లెక్క ఆ పిల్లకు అర్థమై, తర్వాతి లెక్క తనే చేసిందనుకోండి. మీరు అడిగిన అర్థం అలాంటి చోట దొరికే అవకాశమే ఎక్కువ.

అబ్బాయి ఫోన్ వేళ మార్చండి. డాలస్‌లో ఉదయం ఎనిమిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర. ఆఫీసుకు బయల్దేరే ముందు పది నిమిషాలు మాట్లాడమని నోరు తెరిచి అడగండి. వాడికి ఇబ్బంది అవుతుందని మీరే అనుకుని పదకొండున్నర దాకా మేలుకుంటున్నారని నా అనుమానం.

ఇక మీవారికి ఒక మాట. అయ్యా, ‘నీకేం తక్కువ’ అన్నది మీరు ధైర్యం చెప్పడానికే అని ఉంటారు. ఆవిడకు మాత్రం అది ‘నీ బాధ అబద్ధం’ అన్నట్టు వినిపిస్తుంది. ఈ వారంలో ఒక పూట సెలవు పెట్టి మీరే తీసుకెళ్లండి. పక్కన కూర్చోండి, డాక్టర్ అడిగినవాటికి ఆవిడనే చెప్పనివ్వండి. ఆ మాత్రల స్ట్రిప్, షుగర్ మందుల చీటీ, ఏడు నెలల్లో మోతాదు ఎప్పుడెప్పుడు పెరిగిందో రాసిన కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.