షార్జాలో అమ్మాయి రోజూ ఏడుస్తోంది... రప్పించేయాలా?

ప్రశ్న: తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా అమ్మాయికి 25 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ చేసింది. కిందటి ఆగస్టు ఆఖర్లో షార్జాలో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో చేరింది. జీతం 3,500 దిర్హాములు, బెడ్‌స్పేస్ (పంచుకునే గదిలో ఒక పడక) అద్దె 800. ఏజెంటుకు, సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు కలిపి మాకు 2,40,000 రూపాయల అప్పయింది. అది తీర్చాలని అక్టోబరు నుంచి నెలకు 2,000 దిర్హాములు పంపిస్తోంది. తన ఇంగ్లిష్‌కి క్లాసులో పిల్లలు నవ్వుతున్నారట, గదిలో ఎవరితోనూ పొసగడం లేదట. రోజూ రాత్రి ఫోన్లో ఏడుపే. సంక్రాంతికీ రాలేకపోయింది. వాళ్లమ్మ వచ్చేయమంటోంది. నా మొదటి పోస్టింగ్ పాడేరు ఏజెన్సీలో, నేను తట్టుకోలేదా అని నేనంటున్నాను. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ 2,000 దిర్హాముల దగ్గరే ఆగిపోయాను. లెక్కల మాస్టారికి లెక్క చెప్పడం ఎబ్బెట్టుగానే ఉంది, అయినా చూడండి. 3,500లో ఇంటికి 2,000, పడకకు 800 పోతే మిగిలింది 700. తిండి, ఫోను, సెలవు రోజు బయటికెళ్తే బస్సు ఛార్జీ, చెప్పు తెగితే కొత్త జత, అన్నీ అందులోనే. రోజుకు 23 దిర్హాములు. అక్కడ మామూలు హోటల్లో ఒక పూట భోంచేస్తేనే సగం అయిపోతాయి.

రప్పించాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఆ 2,000ని 1,000 చేయించండి. దిర్హాముకు 24 రూపాయల లెక్కన మూడు నెలల్లో 1,44,000 వచ్చినట్టే. మిగిలింది 96,000. మీరింకా సర్వీసులో ఉన్నారు, అది మీరు సర్దుకోగలిగిన మొత్తమే. ఈ మాట తనంతట తను అడగదు. 'నాన్న అప్పు చేసి పంపారు' అన్న బరువు నెత్తిన పెట్టుకుని ఉన్న పిల్ల నోరు తెరిచి 'ఈ నెల తక్కువ పంపుతాను' అనలేదు. మీరే అనాలి.

పాడేరులో మీరు తట్టుకున్న మాట నిజం. కానీ అక్కడ సెలవొస్తే చోడవరం మీదుగా విశాఖ దిగి, తెనాలికి రైలెక్కడానికి వీలుండేది. పైగా బడి వదిలాక కూడా ఊళ్లో మీరు మాస్టారే. టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీ చేసి కూర్చోబెట్టి ఉంటారు. మీ అమ్మాయికి ఆ గౌరవం స్కూలు గేటు దాకానే. గదికి రాగానే తను కింది బెర్తు మనిషో, పై బెర్తు మనిషో. గదిలో ఒకరు నైట్ డ్యూటీ నర్సు, ఇంకొకరు మాల్‌లో సేల్స్‌గర్ల్ అయితే ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. లైటు వేయలేరు, మాట్లాడలేరు. పేపర్లు ఎక్కడ దిద్దుకోవాలి?

ఇంకో విషయం మీకు తెలిసి ఉండకపోవచ్చు. షార్జాలో 2022 జనవరి నుంచి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. వినడానికి భోగంలాగే ఉంటుంది. వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామునే లేచి, ఎక్కువ గంటలు పనిచేసి, ఆ మూడు రోజులు ఆ పడక మీద, రోజుకు 23 దిర్హాములతో గడపడం ఎలా ఉంటుందో ఊహించండి. దుబాయ్ స్కూళ్లలో పనిచేసే స్నేహితులుంటే వాళ్లకు శుక్రవారం సగం పూట పని, కాబట్టి సెలవులూ పూర్తిగా కలవవు.

అందుకే పంపడం తగ్గించి మిగిల్చిన ఆ 1,000తో గది మార్చమనండి. స్కూలుకు దగ్గర్లో, టీచర్లే ఉండే ఫ్లాట్‌లో, ఇద్దరికో గది. అద్దె ఇంకో 400, 500 ఎక్కువైనా పర్వాలేదు. స్టాఫ్‌రూమ్‌లో అడిగితే తెలుస్తుంది, కేరళ టీచర్లకు ఈ విషయంలో మంచి నెట్‌వర్క్ ఉంటుంది. మనవాళ్లే కావాలని పట్టుబట్టొద్దు. ఒకే టైముకు పడుకుని ఒకే టైముకు లేచేవాళ్లు దొరికితే చాలు. మిగిలినది తిండికీ, శుక్రవారం ఎక్కడికైనా వెళ్లి రావడానికీ. కరక్ చాయ్ తాగుతూ కూడా దిర్హాములను రూపాయల్లోకి మార్చుకునే అలవాటు కొత్తవాళ్లందరికీ ఉంటుంది. అది మానితే తప్ప అక్కడ గొంతు దిగదు.

ఇక ఇంగ్లిష్. ఇది మీ అమ్మాయికి చదివి వినిపించండి. నా మొదటి ఉద్యోగం బెంగళూరులో. 'జీరో' అన్నప్పుడల్లా వెనక బెంచీలో కిసుక్కుమనేవారు. మనం జీరో, జూ, మెజర్ అన్నిటినీ మన 'జ'తోనే లాగించేస్తాం. ఎమ్, ఎన్, ఎక్స్ ముందు ఒక 'య' తగిలిస్తాం. 'యెఫ్ ఈక్వల్స్ యెమ్మే' అంటే షార్జాలో పుట్టి పెరిగిన పిల్లలు నవ్వక ఏం చేస్తారు? అది అవమానం కాదు, చెవికి కొత్త. యాస మార్చుకుని దొరలా మాట్లాడనక్కర్లేదు, అలా మాట్లాడితే ఇంకా నవ్వుతారు. ఫిజిక్స్‌లో రోజూ వచ్చే ముప్పై మాటలు రాసుకుని, ఫోన్లో రికార్డు చేసుకుని వింటే నెలలో సర్దుకుంటాయి. మిగతాది వదిలేయాలి. ఒకసారి తనే వాళ్లతో కలిసి నవ్వేస్తే సగం గొడవ ఆ రోజే పోతుంది.

అసలు ఇబ్బంది ఇంగ్లిష్ కాదేమో అని నా అనుమానం. మన ఇంటర్ కాలేజీల్లో చదివినవాళ్లకు బోధనంటే నోట్సు చెప్పి, వారానికో పరీక్ష పెట్టడమే. అక్కడ తనిఖీకి వచ్చేవాళ్లు టీచర్ ఎంత బాగా చెప్పిందన్న దానికన్నా పిల్లలేం చేస్తున్నారన్నది చూస్తారు. ప్రతి పీరియడ్‌కీ లెసన్ ప్లాన్ ఉండాలి. వైకల్యం ఉన్న పిల్లల్ని అక్కడ పీపుల్ ఆఫ్ డిటర్మినేషన్ అంటారు, వాళ్లూ అదే క్లాసులో ఉంటారు కాబట్టి వాళ్లకు తగ్గట్టు వర్క్‌షీట్ వేరేగా చేయాలి. ఇవి బీఈడీలో కాగితం మీద నేర్చుకోవడం వేరు, రోజూ క్లాసులో చేయడం వేరు. సీనియర్ టీచర్ క్లాసులో వెనక కూర్చుంటానని హెచ్‌ఓడీని (సబ్జెక్టు హెడ్‌ని) అడగమనండి. కొత్తవాళ్లు అడిగితే తప్పు పట్టరు, అడక్కపోతేనే పడతారు.

మూడు జాగ్రత్తలు క్లుప్తంగా. పిల్లల మీద చెయ్యెత్తకూడదు, అక్కడ వదీమా చట్టం అని పిలిచే పిల్లల హక్కుల చట్టం 2016 నుంచి ఉంది. క్లాసు ఫొటోలు, రీల్స్ అనుమతి లేకుండా పెట్టకూడదు. డబ్బు కోసం ఇంట్లో ట్యూషన్ మొదలుపెట్టాలనిపిస్తే ముందు పర్మిట్ తీసుకోవాలి. 2023 డిసెంబరులో మొదలైన ఆ పర్మిట్ రెండేళ్లకు ఉచితంగా ఇస్తారు. అది లేకుండా చెబితే జరిమానా.

ఇవన్నీ చేశాకా ఉండలేనంటే? అప్పుడు రావాలి, అందులో నామోషీ లేదు. కాకపోతే తేదీ చూసుకుని రావాలి. యూఏఈలో ఉద్యోగ చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. మీ అమ్మాయిది ఫిబ్రవరి ఆఖరుతో అయిపోతుంది. ప్రొబేషన్‌లో ఉండగా ఉద్యోగం వదిలి దేశం విడిచి వచ్చేయాలంటే 14 రోజుల నోటీసు చాలు. అక్కడే ఇంకో స్కూలుకు మారాలంటే నెల రోజులు. ప్రొబేషన్ దాటితే కాంట్రాక్టులో రాసిన నోటీసు, 30 నుంచి 90 రోజుల మధ్య ఏదో ఒకటి. అయినా బోర్డు పరీక్షల ముందు క్లాసు వదిలేసి రావడం నాకు నచ్చదు, రేపు ఇక్కడ ఏ స్కూలైనా మొదట అడిగేది అదే. విద్యా సంవత్సరం పూర్తిచేసి, నోటీసు మార్చి ఆఖరుతో ముగిసేలా వెనక్కి లెక్కేసుకోవాలి. కాంట్రాక్టులో 60 రోజులుంటే మార్చి 31కి రావాలంటే నోటీసు జనవరి 30న ఇచ్చేసి ఉండాలి. గ్రాట్యుటీ మాత్రం ఏడాది నిండితేనే వస్తుంది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున. అక్కడ ఉండడానికి ఇదొక్కటే కారణం అయితే ఉండనక్కర్లేదు, బేసిక్ ఎంతో చూస్తే మీకే తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. స్కూలువాళ్లు పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకున్నా, ఆఫర్ లెటర్లో రాసిన దానికన్నా జీతం తక్కువ వేస్తున్నా అది బెంగ కాదు, చట్టవిరుద్ధం. దుబాయ్‌లోని భారత కాన్సులేట్ షార్జా వాళ్లకూ పనిచేస్తుంది, వెంటనే వెళ్లి చెప్పమనండి.

ఏజెంటు సంగతి మీ పని. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. మీరు ఎంత కట్టారో, రసీదు ఉందో లేదో చూడండి. అతని రిజిస్ట్రేషన్ విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందా చూసి, ఎక్కువ వసూలు చేసుంటే హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల బాగోగులు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) కార్యాలయానికి ఫిర్యాదు రాయండి. రసీదు ఇవ్వకపోయినా ఫోన్‌పే, బ్యాంకు లావాదేవీలు ఉంటే అవీ సాక్ష్యమే.

చివరగా ఆ రాత్రి ఫోను. మీరు భోంచేసి తొమ్మిదింటికి చేస్తారనుకుంటాను. అక్కడ అప్పుడు ఏడున్నర. గదిలో అందరి మధ్యా కూర్చుని, రేపటి లెసన్ ప్లాన్ సగంలో ఉండగా, అమ్మ 'ఏం తిన్నావ్, ఎప్పుడొస్తావ్' అంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. సోమ, మంగళ, బుధవారాల్లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోండి. గురువారం రాత్రి తీరిగ్గా మాట్లాడండి, మర్నాడు తనకు సెలవు. ఆ వారం ఏ పాఠం చెప్పిందో, ఏ లెక్క దగ్గర పిల్లలు ఆగిపోయారో అడగండి. ఫిజిక్స్ లెక్కలు మీరూ చేయగలరు. అయితే ఈ గురువారం వచ్చేదాకా ఆగకుండా కాంట్రాక్టులో నోటీసు ఎన్ని రోజులని ఉందో ఈ రాత్రే ఫొటో తీసి పంపమనండి.