పిల్ల ఉదయం ఎన్నింటికి ల్యాబ్‌కు చేరుతుందో ముందు అడగండి

మీ అమ్మాయి పదకొండో తరగతిలో ఉందని, న్యూజెర్సీలో ఉంటున్నారని రాశారు. ఒక పేరున్న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆరు వారాలు ఉంచి పరిశోధన చేయిస్తామనే వేసవి కార్యక్రమంలో సీటు వచ్చిందని, ఎనిమిది వేల డాలర్లు కట్టమంటున్నారని, అంత పెట్టి పంపితే కాలేజీ ప్రవేశానికి పనికొస్తుందా అని అడిగారు. ప్రవేశాల గురించి చెప్పేవాళ్ళు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కావలసినంతమంది దొరుకుతారు. నేను ఇక్కడ ఒక పండు ఈగల ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసి, వేసవిలో వచ్చే హైస్కూలు పిల్లలకు పని నేర్పినవాణ్ణి కనుక, ల్యాబ్ బల్ల దగ్గర ఏం జరుగుతుందో మాత్రమే చెప్పగలను.

ఒక వేసవిలో ఇలాంటి రుసుము కార్యక్రమం నుంచే ఒక తెలుగమ్మాయి మా దగ్గరికి వచ్చింది. చురుకైన పిల్ల. మొదటి వారం అందరికీ ఇచ్చే పనే ఆమెకూ ఇచ్చాను: తెల్ల కళ్ళ ఆడ ఈగలను ఎర్ర కళ్ళ మగ ఈగలతో కలిపి, పుట్టినవాటిని లెక్కపెట్టడం. 1910లో జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ గుర్తించిన ఆ తెల్ల కళ్ళ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి, ఈ జతకు పుట్టే ఆడవన్నీ ఎర్ర కళ్ళతోను, మగవన్నీ తెల్ల కళ్ళతోను రావాలి. అయితే ఆడ ఈగ ప్యూపా (రెక్కలు రాకముందు ఉండే గూడు దశ) నుంచి బయటపడిన సుమారు ఎనిమిది గంటలలోపే దానిని మగవాటి నుంచి వేరుచేయాలి. ఆలస్యమైతే అదే సీసాలోని తెల్ల కళ్ళ మగ ఈగలతో అప్పటికే జతకట్టి ఉండవచ్చు. రాత్రిపూట సీసాలను 18 డిగ్రీల సెల్సియస్ పెట్టెలో ఉంచితే ఆ గడువు ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే ఈగల ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు సాయంత్రం సీసాలు ఖాళీ చేసి వెళ్ళి, తెల్లవారగానే తిరిగి వస్తారు.

ఆ కార్యక్రమం వారి బస్సు సాయంత్రం ఐదింటికి పిల్లలను తీసుకుపోయేది. మరునాడు ఉదయం అల్పాహారం, ఆ తరువాత ఒక ప్రసంగం, దాని తరువాత కాలేజీ దరఖాస్తు వ్యాసాలు రాయడం మీద తరగతి. ఇవన్నీ ముగించుకుని ఆమె ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి పదకొండు దాటేది. శుక్రవారాలు విహారయాత్రలకే సరిపోయేవి.

పిల్ల ఈగలు బయటికి వచ్చిన రోజున ఆమె సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తి, ఆడవాటిలో తెల్ల కళ్ళవి ఎందుకున్నాయని అడిగింది. క్రోమోజోములు సరిగా విడిపోని పక్షంలో వేలల్లో ఒకటి అలా పుట్టవచ్చు; 1916లో మోర్గాన్ శిష్యుడు బ్రిడ్జెస్ ప్రసిద్ధుడైంది అలాంటివాటిని పట్టుకునే. ఆమె సీసాలో మాత్రం అవి గుంపుగా ఉన్నాయి. ఆ విషయం చెప్పగానే ఆమె తన నోటుపుస్తకం తీసి, ఐదు నుంచి పదకొండు వరకు పద్దెనిమిది గంటలని కూడి, ‘అంటే నా తల్లి ఈగలు ఒక్కటీ నమ్మదగినవి కావు కదండీ’ అంది. ఆరు వారాల్లో నేను విన్న అసలైన పరిశోధన మాట అదే.

ఉదయం ఏడింటికే రావడానికి అనుమతి ఇమ్మని ఆమె స్వయంగా కార్యక్రమం నిర్వాహకులను అడిగింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను తోడు లేకుండా పంపబోమని, తోడు పంపడానికి మనుషులు లేరని సమాధానం వచ్చింది. తోటలో ఐస్‌క్రీము విందుకు మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పటి నుంచి ఉదయపు ఈగలను నేనే వేరుచేసిపెట్టాను. ముగింపు రోజు పోస్టరులో ఆమె ఆ సంగతిని కింద ఒక పంక్తిగా రాస్తే, తల్లిదండ్రులు చూస్తారు, తీసేయమని నిర్వాహకులు అన్నారు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పిల్లలకు ఎదురు డబ్బు ఇచ్చి ఉంచుకునేవాళ్ళు ఏరుకుంటారు, మన దగ్గర తీసుకునేవాళ్ళు పోగుచేస్తారు. మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబొరేటరీ తన వేసవి విద్యార్థులకు వసతి, భోజనం, భృతి ఇస్తుంది. 1955 వేసవిలో హైస్కూలు విద్యార్థిగా అక్కడికి వెళ్ళిన డేవిడ్ బాల్టిమోర్‌కు పరిచయమైన పెద్ద విద్యార్థి హోవర్డ్ టెమిన్. 1975 నోబెల్ బహుమతిని పంచుకున్నవారిలో ఆ ఇద్దరూ ఉన్నారు. టెక్సాస్ టెక్‌లోని క్లార్క్ స్కాలర్స్ కార్యక్రమం 12 మందినే తీసుకుంటుంది. ఎంఐటీలో జరిగే ఆర్‌ఎస్‌ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) అనే వేసవి కార్యక్రమం ఆరు వారాలకు బోధనకు గానీ బసకు గానీ రుసుము తీసుకోదు. వీటిలో సీటు దొరకడం చాలా కష్టం, నిజమే. కానీ అక్కడ పిల్లవాడు వచ్చేది పని కోసం.

రుసుము తీసుకున్నంత మాత్రాన ప్రతిదీ వ్యాపారమని నేను అనను. 1959లో మొదలైన సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ రుసుము తీసుకుంటూనే ఇంటి ఆదాయాన్ని బట్టి సహాయం చేస్తుంది. అక్కడ ఖగోళశాస్త్రం ఎంచుకున్న పిల్లలు ముగ్గురేసి జట్లుగా రాత్రిళ్ళు దూరదర్శిని దగ్గర కూర్చుని, ఒక గ్రహశకలాన్ని ఫోటోలు తీసి, దాని కక్ష్యను తామే గణించాలి. అక్కడే బస చేయడానికి అర్థం అది, రాత్రి పని ఉంది కాబట్టి. రాత్రి తొమ్మిదికి తలుపులు మూసే హాస్టలుకు అంత డబ్బు ఎందుకు?

మన కుటుంబాలే ఈ రుసుము కార్యక్రమాలకు ఎక్కువగా వెళ్ళడానికి ఒక కారణం ఉంది, దానిని ఎవరూ పైకి చెప్పరు. భృతి ఇచ్చే కార్యక్రమాలు చాలావరకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతాయి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే వీసా మీద ఉన్న పిల్లలకు జీతం తీసుకుని పనిచేసే హక్కు లేదు. ఆ తలుపు మూసి ఉంటే డబ్బు కట్టే తలుపు ఒక్కటే తెరిచి కనిపిస్తుంది, కన్సల్టెంట్లు దాని ముందే నిలబడి ఉంటారు. చాలాచోట్ల ఆ పెద్ద విశ్వవిద్యాలయానికి, కార్యక్రమానికి ఉన్న సంబంధం గదుల అద్దె మాత్రమే. దాని పైన మరికొంత కడితే పిల్లల పేరుతో వ్యాసం అచ్చువేయిస్తామంటారు. దానిని దరఖాస్తులు చదివేవాళ్ళు నమ్ముతారని మనవాళ్ళు ఎలా నమ్ముతున్నారో!

మీది హెచ్-4 అయితే, ఇంటికి దగ్గరలోని విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకు మీ అమ్మాయినే ఉత్తరాలు రాయమనండి, శీతాకాలంలోనే. జీతం లేకుండా ల్యాబ్‌లో చేర్చుకునే ముందు వీసా నియమాలేమిటో ఆ విశ్వవిద్యాలయం వారినే అడగండి. ఆ సీటే కావాలనుకుంటే, నిర్వాహకులకు ఈ రోజే ఒక ఈమెయిల్ పెట్టండి: పిల్ల ఉదయం ఎన్నింటికి ల్యాబ్‌కు చేరుతుంది, ఎన్నింటికి అక్కడి నుంచి బయలుదేరుతుంది, పక్కన కూర్చుని నేర్పేవారెవరు, వారికి ఎంతమంది పిల్లలను అప్పగిస్తారు. జవాబుగా బ్రోచరు పంపితే చెక్కు రాయకండి.